పోత ఎరలు

తారక్‌కి చేపల పిచ్చి పట్టిన ఏడాది శ్యామలకి ఐదో నెల. వాటర్లూలో ఇల్లు కొనుక్కుని దిగిన కొత్త. ఆఫీసులో పక్క సీటు సంజయ్ ఒక శనివారం అతన్ని బెల్‌వుడ్ లేక్‌కి లాక్కెళ్ళాడు. సాయంత్రానికి తారక్ గాలానికి ఒక పైక్ చేప తగిలింది. బారెడు పొడుగు, మొసలి మూతి, ఒంటి నిండా పాలిపోయిన చుక్కలు. ఫోటో దిగి దాన్ని మళ్ళీ నీళ్ళలోకి వదిలేశాడు గాని, అది మాత్రం అతన్ని వదల్లేదు.

ఇక ఇంట్లో ఎప్పుడు చూసినా ఎరల మాటే. బతికున్న పురుగుని ముల్లుకి గుచ్చడం అతనికి నచ్చేది కాదు. లోహంతో, రబ్బరుతో చేసిన దొంగ ఎరలు ఉంటాయి, లూర్లంటారు, అవే వాడేవాడు. పైక్‌కి పెద్దగా ఆలోచన ఉండదట. తళతళలాడుతూ ఊగే రేకు కనబడితే చాలు, మీదపడి కొరుకుతుంది. దాని పళ్ళకి లైన్ తెగిపోకుండా ముందు ఉక్కు తీగ కడితే సరిపోతుంది. బాస్ అనే చేప అలా కాదు. రాళ్ళ సందున పడుకుని అన్నీ గమనిస్తుంది. దాని ముందు నుంచి రబ్బరు పురుగు నేలకి తగులుతూ, ఆగుతూ, మళ్ళీ ఒక్క గెంతు గెంతుతూ పోవాలి. నీళ్ళు తేటగా ఉన్నప్పుడు మట్టిరంగు పురుగు, వాన పడి కలక బారినప్పుడు కళ్ళు చెదిరే ఆకుపచ్చ. పురుగు తలకి ముల్లుతో పాటు పోతపోసిన చిన్న గుండు ఉంటుంది. దాన్ని జిగ్ అంటారు. "కిటుకంతా ఆ గుండు బరువులో ఉంది శ్యామలా" అనేవాడు తారక్, అన్నం కలుపుతూ కలుపుతూ ఆగి.

శ్యామలకి మొదట్లో అదంతా ముచ్చటగానే ఉండేది. హనుమకొండలో పెరిగిన పిల్ల, చెరువు చేపల పులుసు తెలుసు గాని చేపతో ఎత్తుకి పైఎత్తు వేస్తారని తెలియదు. భీమవరం దగ్గర చేపల చెరువుల మధ్యనే పుట్టి ఏనాడూ గాలం పట్టని మొగుడు, ఇంత దూరం వచ్చి చిన్నపిల్లాడిలా తయారవడం చూసి నవ్వుకునేది. పొద్దస్తమానం ల్యాప్‌టాప్ ముందు కూచునేవాడికి ఒక సరదా ఉండటం మంచిదేననుకుంది.

దుకాణంలో దొరికే జిగ్‌లు అతనికి ఆనలేదు. ఒకటి తేలికై అలకి కొట్టుకుపోయేది, ఇంకొకటి బరువై రాళ్ళలో ఇరుక్కునేది. తనకి కావలసిన బరువులో తనే పోసుకుంటానని, బేస్‌మెంట్‌లో వాషింగ్ మెషీన్ పక్కన ఒక బల్ల వేశాడు. లోహం కరిగించే కరెంటు గిన్నె కొన్నాడు, అల్యూమినియం అచ్చులు తెప్పించాడు. కార్ల చక్రాలకి సమతూకం కోసం బిగించే బరువులు పాతబడితే తీసి పారేస్తారు కదా, అవి ఒక టైర్ల షాపు నుంచి బకెట్‌తో తెచ్చుకునేవాడు.

"ఇదేం మెటల్? లెడ్ కాదు గదా?" అని శ్యామల మొదటి రోజే అడిగింది. అప్పటికి గర్భిణులు తినకూడనివీ తాకకూడనివీ చదివి చదివి ఉంది.

"లెడ్ ఎవరు వాడతారు ఇప్పుడు? ఇది టిన్. తగరం" అన్నాడు తారక్.

ఆమె నమ్మింది. నమ్మకపోవడానికి అప్పటికి ఏ కారణమూ లేదు. మెటర్నిటీ లీవులో పొద్దుపోక, అతను పోసిన గుండ్లకి తన గోళ్ళరంగుతో కళ్ళు కూడా పెట్టేది. ఎర్ర చుక్క, దాని మధ్యలో నల్ల చుక్క. సంజయ్ వాటిని చూసి, "శ్యామల పెట్టిన కళ్ళు చూసే బాస్ మోసపోతోంది" అంటుంటే పొంగిపోయేది.

స్వీటీ పుట్టింది. పాకింది, నడిచింది. చలికాలం నాలుగు నెలలూ బయటికి పోవడానికి ఉండదు కాబట్టి బేస్‌మెంట్‌లో కార్పెట్ మీదే దాని ఆటలు. చలికాలమే తారక్‌కి పోత కాలం. జూన్ చివర్లో బాస్ సీజన్ మొదలయ్యేనాటికి డబ్బాలు నిండి ఉండాలి. తండ్రి బల్ల దగ్గర, కూతురు బొమ్మల దగ్గర, తల్లి బట్టలు మడతపెడుతూ. ఇది కదా సంసారం అని శ్యామల అనుకున్న రోజులు ఉన్నాయి.

రెండేళ్ళు నిండాక స్వీటీ తిండి మానేసింది. పాలు తాగితే కడుపు పట్టుకుని ఏడ్చేది. ఊరికే పేచీ. నిద్ర లేదు. అన్నిటికంటే శ్యామలని భయపెట్టింది వేరే ఒకటి. అంతకుముందు వచ్చిన మాటలు ఒక్కొక్కటే పోతున్నాయి. బంతి అనేది, ఇప్పుడు వేలు చూపిస్తుంది. అమ్మమ్మ అని ఫోన్‌లో పిలిచేది, ఇప్పుడు తెర వంక చూసి ఊరుకుంటుంది. డాక్టర్ రక్తహీనత అనుకుని రక్తపరీక్ష రాస్తూ, ఎందుకైనా మంచిదని లెడ్, అంటే సీసం, కూడా చూడమంది. రెండు రోజులకి ఆవిడే స్వయంగా ఫోన్ చేసింది.

"మీ పాప రక్తంలో సీసం ఉండకూడనంత ఉంది. ఇండియా నుంచి తెచ్చుకున్న మసాలాలు ఏమైనా వాడుతున్నారా? పసుపు, కుంకుమ, కాటుక? ఇత్తడి గిన్నెలు? మీ ప్రాంతం కుటుంబాల్లో ఎక్కువగా వాటివల్లే చూస్తుంటాం."

శ్యామల వంటింటి అరల వంక చూసింది. అవన్నీ ఇంట్లో ఉన్నాయి. తల్లి సరోజన పసుపు కొమ్ములు ఎండబెట్టి, గిర్నీలో పట్టించి పంపిన పసుపు ఉంది. ఆముదం దీపం మీద ఆమె పట్టిన కాటుక ఉంది. అన్నప్రాశనకి పంపిన ఇత్తడి గిన్నె ఉంది. స్వీటీకి రోజూ కాటుక దిద్దింది తనే. పాలలో చిటికెడు పసుపు వేసి తాగించింది తనే.

ఫోన్ పెట్టేసి తారక్‌కి చెప్పింది. అతను విన్నాడు. ముఖం పాలిపోయింది. "కాటుకేనంటావా?" అన్నాడు.

"ఇంకేముంటది?" అంది శ్యామల ఏడుస్తూ. తారక్ ఏమీ అనలేదు. దగ్గరికి తీసుకుని వీపు నిమిరాడు.

ఆ వారంలోనే పబ్లిక్ హెల్త్ నుంచి హెదర్ అనే నర్సు వచ్చింది. నెమ్మదైన మనిషి. వంటిల్లంతా తిరిగి, పసుపూ కాటుకా పరీక్షకి తీసుకుంది. వెళ్ళేముందు సోఫాలో కూచుని మామూలుగా అడిగింది: ఇంట్లో ఎవరైనా లోహాలతో పని చేస్తారా, తూటాలు చేయడం, రంగు అద్దాలు అతకడం, చేపల గాలానికి బరువులు పోయడం లాంటివి?

"నేను ఫిషింగ్ చేస్తాను. లూర్లు షాపులోనే కొంటాను" అన్నాడు తారక్.

శ్యామల అతని వంక చూసింది. అతను తన చేతిలోని టాబ్లెట్ తెర వంక చూస్తున్నాడు. తగరమే కదా, లేనిపోని ప్రశ్నలెందుకని అలా చెప్పి ఉంటాడనుకుంది. ఒక్క మాట అడ్డం వేసి, కిందికి పదండి చూపిస్తానని ఉంటే ఆ రోజే తేలిపోయేది. ఆ మాట ఆమె వేయలేదు.

ఆ సాయంత్రమే, తారక్ పక్కన ఉండగానే, తల్లికి ఫోన్ చేసింది. హనుమకొండలో అప్పుడు తెల్లవారుతోంది.

"అమ్మా, పసుపు ఏ గిర్నీల పట్టించినవ్? అందులో ఏం కలిపిన్రు?"

"ఏం కలుపుతర్రా? కొమ్ములు నేనే ఉడకబెట్టిన, నేనే ఎండబోసిన. ఎందుకడుగుతున్నవ్ బిడ్డా?"

"నువ్వు పంపిన దాంట్ల విషం ఉన్నదంట. పిల్ల రక్తంల కలిసింది. మాటలు పోతున్నయ్ దానికి. వద్దంటే వినవు, డబ్బాలు డబ్బాలు పంపుతవ్."

సరోజన, "నా చేతులతోనే పంపిన గదా" అంది. అంతే అంది. మర్నాడు తమ్ముడు ఫోన్ చేసి, అమ్మ అన్నం ముట్టడం లేదని, దేవుడి గూట్లో పసుపు కూడా తీసి పారేసిందని చెప్పాడు. శ్యామల వినీ విననట్టు ఊరుకుంది. తన కడుపు మంట తనది. వంటింట్లో డబ్బాలన్నీ ఖాళీ చేసి, ఇత్తడి గిన్నె సంచిలో మూటగట్టి బయట పెట్టింది.

ఆ శనివారం తారక్ చేపలకి పోలేదు. తనంతట తానే బేస్‌మెంట్ శుభ్రం చేస్తానన్నాడు. బల్ల విప్పేశాడు, గిన్నే అచ్చులూ గరాజ్‌లోకి చేర్చాడు, కార్పెట్ మీదా మూలమూలలా గంటలతరబడి వాక్యూమ్ కొట్టాడు. మెట్ల మీద కూచుని స్వీటీ ఆ చప్పుడుకి చప్పట్లు కొట్టింది. పిల్ల కోసం ఇష్టమైన సరదా కూడా పక్కన పెట్టాడని శ్యామలకి కళ్ళు చెమర్చాయి. కింద పనిచేస్తున్న మనిషికి టీ పెట్టి పట్టుకెళ్ళి ఇచ్చింది.

రెండో పరీక్షలో సీసం తగ్గలేదు. పెరిగింది.

ఈసారి హెదర్ చేతిలో తుపాకీ లాంటి ఒక పరికరంతో వచ్చింది. దాన్ని దేనికి ఆనిస్తే దానిలో సీసం ఎంతుందో చెబుతుంది. తారక్ ఆఫీసులో ఉన్నాడు. పసుపులోనూ కాటుకలోనూ ఏమీ లేదని ల్యాబ్ రిపోర్టు వచ్చిందని ఆవిడ ముందే చెప్పింది. వంటింట్లో పరికరం ఊరుకుంది. పిల్ల గదిలో ఊరుకుంది. "కింద చూడొచ్చా?" అని హెదర్ అడిగింది.

బేస్‌మెంట్ కార్పెట్‌కి ఆనించగానే అది కూసింది. వాషింగ్ మెషీన్ మూతకి కూసింది. స్వీటీ గుడ్డబొమ్మకి కూసింది.

"ఇక్కడ ఏం చేసేవారు?"

"మా ఆయన లూర్లు పోసేవాడు. తగరంతో" అంది శ్యామల. అంటుంటే తన గొంతే తనకి వేరేగా వినిపించింది.

హెదర్ వంగి, మెషీన్ కింద దొర్లిపోయి ఉన్న ఒక జిగ్‌ని చేతిగుడ్డతో పైకి తీసింది. ఆ గుడ్డ మీదే ఉంచి పరికరం ఆనించింది. అంకె చూసి, శ్యామలకి కనబడేలా తిప్పింది. ఆ గుండు మీద ఎర్ర చుక్క, దాని మధ్యలో నల్ల చుక్క.

ఆ రోజే పిల్లని ఆసుపత్రిలో చేర్చుకున్నారు. సాయంత్రం తారక్ వచ్చేసరికి స్వీటీ నిద్రపోతోంది. శ్యామల అతన్ని వరండాలోకి తీసుకెళ్ళింది.

"అది లెడ్ అని నీకు తెలుసు."

"అందరూ పోసుకుంటారు శ్యామలా. ఫోరమ్స్‌లో చూడు, ముప్పై ఏళ్ళుగా పోసేవాళ్ళు ఉన్నారు. ఫ్యాన్ పెట్టుకునేవాణ్ణి, చేతులు కడుక్కునేవాణ్ణి."

"నాకు టిన్ అని ఎందుకు చెప్పినవ్?"

"నువ్వు కంగారు పడతావని."

"పాపకి దానివల్లనే అని ఎప్పుడు తెలిసింది?"

అతను గోడ వంక చూశాడు. "డాక్టర్ ఫోన్ చేసిన రోజు అనుమానమొచ్చింది. చెప్తే చైల్డ్ సర్వీసెస్ వాళ్ళు వచ్చి పాపని తీసుకుపోతారని భయమేసింది. క్లీన్ చేసేస్తే తగ్గిపోతుందిలే అనుకున్నా. అందుకే కదా అన్నీ తీసేశాను, వాక్యూమ్ చేశాను."

ఆ వాక్యూమే దుమ్ముని లేపి పిల్ల ఊపిరిలో పోసిందని హెదర్ మధ్యాహ్నమే చెప్పింది. శ్యామల అది చెప్పలేదు. వేరేది అడిగింది.

"మా అమ్మని నేను అన్ని మాటలు అంటుంటే నువ్వు పక్కనే కూచున్నవ్."

"కాటుక వల్లేనని నువ్వే అనుకున్నావు. నేనెప్పుడైనా ఆవిడ పేరెత్తానా?"

నిజమే. అతను ఎత్తలేదు. అమ్మ విషయంలో అబద్ధం ఆడవలసిన అవసరమే రాలేదు అతనికి. ఊరుకుంటే చాలింది. మిగతాదంతా తనే చేసి పెట్టింది. శ్యామలకి అరవాలనిపించింది గాని, అవతల గదుల్లో పిల్లలు నిద్రపోతున్నారు. లోపలికి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకుంది.

సీసాన్ని దించే మందు గుళికల్లో ఉంటుంది. విప్పి ఆపిల్ గుజ్జులో కలిపి పెట్టాలి. కుళ్ళిన గుడ్ల వాసన. స్వీటీ మొదటి రోజు మింగింది, రెండో రోజు నుంచి చెంచా చూస్తేనే మంచం కిందికి దూరేది. ఒక చేత్తో రెండు చేతులూ పట్టుకుని, ఇంకో చేత్తో నోట్లో పోయాలి. నర్సులు సాయం పట్టేవాళ్ళు. ఇంటికి వచ్చాక ఆ పని శ్యామల ఒక్కతే చేసింది.

ఇల్లు అంటే ఆ ఇల్లు కాదు. ట్రామ్ స్టేషన్ దగ్గర రెండు గదుల అపార్ట్‌మెంట్ అద్దెకి తీసుకుంది. పాత ఇంటినుంచి పిల్ల బట్టలు కూడా తెచ్చుకోలేదు.

తల్లికి ఫోన్ చేయడానికి ధైర్యం చాలక కొన్నాళ్ళు జరిపింది. చేసి, ఏడ్చి, జరిగింది చెప్పింది. నీ తప్పు లేదమ్మా, నన్ను మన్నించు అంది. సరోజన అంతా విని, "పిల్ల మంచిగైతే అదే పదివేలు" అంది. గొంతులో కోపం లేదు, సంతోషమూ లేదు. తర్వాత ఒకసారి చింతపండు పచ్చడి పంపమని శ్యామల కావాలనే, ఆమెని మామూలు చేద్దామని అడిగింది. "అక్కడ దొరుకుతది గదా బిడ్డా, అక్కడనే కొనుక్కో" అంది సరోజన. కూతురు ఎంత బతిమాలినా మళ్ళీ ఏమీ పంపలేదు.

రక్తంలో సీసం మెల్లగా దిగుతోంది. ఎముకల్లో చేరింది ఏళ్ళ తరబడి వస్తూనే ఉంటుందన్నారు. మాటల సంగతి డాక్టర్ని అడిగితే, "చూద్దాం, ఇప్పుడే ఏమీ చెప్పలేం" అంది. అడిగిన ప్రతిసారీ అదే. కడుపుతో ఉండగా తను గోళ్ళరంగు పూస్తూ కూచున్న సంగతి కూడా శ్యామల ఆవిడకి చెప్పింది. ఆవిడ రాసుకుంది. అలా రాసుకోవడం చూసి, ఏదైనా అంటే బాగుండేదనిపించింది.

తారక్ శనివారాలు వచ్చేవాడు. చెప్పులు బయట విప్పి, చేతులు కడుక్కుని, ఆమె ఉంచిన టీషర్టు వేసుకుని గాని పిల్లని ముట్టుకోకూడదు. అన్నీ మాట్లాడకుండా చేసేవాడు. స్వీటీకి అతను వస్తే పండగ. మీదెక్కి, జుట్టు పీకి, గుర్రం చేసి ఆడేది. వారమంతా మందు పోసేది తల్లి, శనివారం ఉప్పుమూట మోసేది తండ్రి.

జూన్‌లో ఒక శనివారం అతను కాస్త తేలికగా కనిపించాడు. "గరాజ్ ఖాళీ చేసేశాను. సామానంతా వదిలించుకున్నా" అన్నాడు, మెచ్చుకుంటుందని చూస్తూ.

"ఎక్కడ పడేసినవ్? అది డేంజరస్ వేస్ట్, చెత్తలో వేయకూడదన్నరు."

"పడేయడమెందుకు, అచ్చులు మంచివి. సీజన్ మొదలవుతోంది కదా, సంజయ్ తీసుకెళ్ళాడు. నా జిగ్‌లంటే వాడికి ఇష్టం. పోసుకోవడం నేర్పించా."

సంజయ్ ఇంట్లో పాకే పిల్లాడు ఉన్నాడు. శ్యామల ఫోన్ తీసుకుని బాల్కనీలోకి నడిచింది. సంజయ్ భార్య వాసంతి వెంటనే ఎత్తింది.

"స్వీటీకి ఎలా ఉంది శ్యామలా? నీకు ఫోన్ చేద్దామనే అనుకుంటున్నా, ఏమనాలో తెలియక ఆగిపోయాను. మేం కూడా ఊరినుంచి వచ్చినవన్నీ పారేశాం. మా అత్తగారు పసుపు, కారం పంపుతానంటే వద్దని చెప్పేశాను."

"పసుపా?"

"తారక్ చెప్పారుగా. మీ అమ్మగారు పంపిన పసుపులో వచ్చిందని. పాపం ఆవిడకేం తెలుసు, పెద్దవాళ్ళు."

శ్యామల రెయిలింగ్ పట్టుకుంది. కింద ట్రామ్ ఆగి, జనం దిగి, మళ్ళీ కదిలింది.

"పసుపు కాదు వాసంతీ. లూర్లు. మీ ఆయన తెచ్చుకున్న గిన్నె, అచ్చులు, ఆ లోహం. అది లెడ్. దానివల్లే" అని జరిగిందంతా చెప్పింది.

"నువ్వు ఏ స్థితిలో ఉన్నావో నాకు అర్థమవుతుంది. మీ ఇద్దరి మధ్యా ఇప్పుడు సరిగ్గా లేదని సంజయ్ చెప్పాడు. నేను ఆయన్నొకసారి అడుగుతాను."

"అడగకు. నమ్మకపోతే మానెయ్. బాబుకి రక్తపరీక్ష చేయించు. ఆ సామాను ఇంట్లో ఉండనీయకు. ఊడవకు, వాక్యూమ్ పెట్టకు. పబ్లిక్ హెల్త్ నంబర్ పంపిస్తా."

"సరే" అంది వాసంతి, పిచ్చివాళ్ళతో మాట్లాడే మెత్తదనంతో. తర్వాత ఒక్క క్షణం ఆగి, "నిజంగానా?" అంది. ఆ రెండో గొంతులో భయం ఉంది. అప్పుడు శ్యామలకి కొంచెం ఊపిరి ఆడింది.

లోపలికి వచ్చేసరికి తారక్ కూతురిని వీపు మీద ఎక్కించుకుని చాప మీద పాకుతున్నాడు. ఆమె ముఖం చూసి ఆగాడు.

"ఎంతమందికి చెప్పినవ్ మా అమ్మ పసుపని?"

"అందరూ అడుగుతుంటే ఏదో ఒకటి చెప్పాలి కదా శ్యామలా. ఆఫీసులో, తెలుగు అసోసియేషన్‌లో... ఆవిడ అక్కడెక్కడో ఉంటారు, ఆవిడకి పోయేదేముంది? నేను ఇక్కడ తల ఎత్తుకుని తిరగాలి కదా."

"లేచి వెళ్ళిపో."

"ఇంకా టైముంది, రెండింటి దాకా..."

"వెళ్ళిపో తారక్."

అతను పిల్లని దించి, టీషర్టు మార్చుకుని, చెప్పులు తొడుక్కున్నాడు. తలుపు మూసుకుంటుండగా స్వీటీ పరుగెత్తుకెళ్ళి తలుపుని రెండు చేతులా బాదింది. "నాన్న" అంది. నెలల తర్వాత దాని నోట్లోంచి తేటగా వచ్చిన మాట అదే. శ్యామల వెనకనుంచి ఎత్తుకోబోతే విదిలించుకుని, నేల మీద పడి దొర్లి, ఆ మాటే అంటూ ఏడ్చింది. బలవంతాన ఎత్తుకుంటే చిన్న పిడికిళ్ళతో తల్లి మొహం మీద, భుజం మీద కొట్టడం మొదలుపెట్టింది. శ్యామల దాని చేతులు పట్టుకోలేదు. వాటిని పట్టుకోవడం రోజూ మందు వేళకి ఎటూ తప్పదు. కొట్టనిచ్చింది.